క్రొత్త ఇంటి అలమరలు – లక్కమ్మ చూపిన కొలత

ఇల్లు కట్టుటకు పూనుకొన్న కుటుంబమున పునాది లేచినది మొదలు అలమరలను గూర్చిన చర్చ సాగుచుండును. అత్తగారు వంటయింట మూడు కావలెననును. కోడలు గదికి రెండు చొప్పున అడుగును. మేస్త్రి గోడ కనబడిన చోటనెల్ల ఒక అర చూపును. అది ఆతని వృత్తి, తప్పు పట్టరాదు. ఏడడుగుల ఎత్తున సజ్జ పోసినచో ఇంకను కొంత సామాను పట్టునని ఆశ పుట్టును. ఇంత చర్చలోను, పాత ఇంటి అటక మీద ఏమున్నదో ఎక్కి చూచినవారు మాత్రము సాధారణముగా ఉండరు.

కల్యాణమున మారయ్య యను శరణుడుండెను. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. అందుచేతనే ఆయన ఆయ్దక్కి మారయ్య యనబడెను. ఒకనాడు గింజలు విస్తారముగా దొరకగా మూట బరువెక్కెను. ఇల్లాలు లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఈ అధికము మనకేల, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను మరలించెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. లక్కమ్మ కలిమిలో పుట్టి విసిగినదియు కాదు. ఆమె పేదరాలు, ఆమె వద్దన్నది పట్టుచీర కాదు, గుప్పెడు బియ్యము. నాటి వంటకును జంగమ దాసోహమునకును ఎంత కావలెనో ఆమె యెరుగును. ఆ కొలత ముందు, మూట పిమ్మట.

పిల్లలు గల సంసారులందరును లక్కమ్మవలె జీవింపవలెననుట న్యాయము కాదు. వానకాలమునకు పప్పుదినుసులు నిలువ చేసికొనుటలో దోషము లేదు. కాని ఆమె కొలతను క్రొత్త ఇంటికి అన్వయించుకొనవచ్చును. గోడలు లేవకముందే పాత ఇంటి సామానును ఒక్కొక్క గది చొప్పున నేలమీద పరచి చూడవలెను. మూత పోయిన బిందె, కాలు విరిగిన పీట, ఎలుకలు కొరికిన పరుపు, పదేండ్ల పంచాంగముల కట్ట అన్నియు అటక దిగివచ్చును. పెండ్లిండ్లకు మాత్రమే వాడు గంగాళములు వ్యర్థములు కావు. సజ్జ వాటికే యుచితము. మిగిలిన వాటిలో ఏడాది కాలమున ఎవరి చేతికిని తగులనివి ఏవో ఇల్లాలికి చెప్పనక్కరలేదు.

ఇక మిగిలినదానిని కొలిచి మేస్త్రికి లెక్క చెప్పవలెను. మడత చీరలకు అడుగుంబావు లోతు చాలును. హ్యాంగరుకు తగిలించు చొక్కాలకు ఇంచుమించు రెండడుగులు కావలెను. అంత లోతున మడత బట్టలు పెట్టినచో వెనుక వరుస కంటికి కనబడదు. కనబడనిదానిని మరల కొనుట జరుగును. వానజల్లు కొట్టు వెలిగోడకు బట్టల అలమర ఆనించినచో చెమ్మ చేరును, చెమ్మ వెంట చెదలు వచ్చును.

వేరు చేసినవానిని ఏమి చేయవలెను? బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును నిర్వహించినవాడు. తాళపుచెవుల బరువు ఆయనకు తెలియును. అట్టివాని ఇంట వచ్చినది వచ్చినట్లు దాసోహమునకు వెడలుచుండెను. అయితే పనికిరాని చింకిపాతను మఠమునకు మోసికొనిపోయి దాసోహమనుట దాసోహమునకే అవమానము. అది చెత్తకు పోవలసినది. పనికివచ్చుదానిని పనికివచ్చు కాలముననే ఈయవలెను; మనుమనికి పొట్టియైన చొక్కా ఈ యేడు మరియొక బిడ్డకు సరిపోవును, అయిదేండ్లు పెట్టెలో నిలిచిన పిమ్మట పురుగునకు సరిపోవును. మడివాళ మాచయ్య శరణుల వస్త్రములు ఉతుకుటనే కాయకముగా గైకొన్నవాడు. ఆయనను తలచు ఇంటివారు ఉతుకని మూటను ఇతరుల చేతిలో పెట్టరు.

అన్నిటికంటె కష్టమైనది లింగైక్యమొందిన పెద్దల పెట్టె. దానిని తెరచుటకు కొడుకునకు చేయి రాదు, తెరువక క్రొత్త ఇంటికి మోయుటకు కోడలికి మనసొప్పదు. కలహము ఇచ్చటనే పుట్టును. సమాధి చేయునాడు ఆ తల్లి అరచేతిలో ఇష్టలింగము నుంచిరి, ఆమెతో వెళ్ళినది అదియే. తక్కిన నేతచీరలలో ఒకదానిని గురుతుగా ఉంచుకొని, మిగిలినవి ఆమె ఎరిగిన స్త్రీలకు ఆమె పేరు చెప్పి పంచినచో, ఆ చీరలు మరల వీధిలో నడచును.

ఇంటి పటములో మొదట గుర్తింపవలసిన అర లింగపూజకు సంబంధించినది. విభూతి, రుద్రాక్షలు, నీటి చెంబు, మడివస్త్రము పట్టునంత గూడు చాలును. నేలపై కూర్చున్నవారి చేతికి అందవలెను గనుక రెండడుగుల ఎత్తునకు మించరాదు. దాని యెదుట ఇంటివారితోపాటు వచ్చిన జంగమమూర్తియు కూర్చుండుటకు చోటు మిగులునో లేదో చూచుకొని, ఆ పిమ్మట మేస్త్రికి తక్కిన గోడలు చూపవచ్చును.