గాజు తొట్టిలో తాబేలు: దానమా, రుణమా?

తాబేలును తెచ్చి, ఇంట్లో గాజు తొట్టిలో పెట్టి, వేళకు మేత వేసి, కుక్కా పిల్లీ ముట్టకుండా పైన జాలీ బిగించి కాపాడుకునేవారు తాము చేస్తున్నది భూతదయ అని నమ్ముతారు. ఆ నమ్మకంలో కపటం లేదు. అయినా దాన్ని దయ అనవచ్చునా అని నిదానంగా ఆలోచించాలి. దయతో ఇచ్చేది దానం. దానంలో ఎంత ఇవ్వాలన్నది దాత ఇష్టం. పిడికెడు బియ్యం ఇచ్చినా పుణ్యమే, పుట్టెడు ఇచ్చినా పుణ్యమే. రుణం సంగతి వేరు. ఎంత తీర్చాలన్నది తీసుకున్నదాన్ని బట్టి తేలుతుంది, తీర్చేవాడి మనసును బట్టి కాదు. ఇంట్లో పెరిగే తాబేలు ముందు మనం దాతలుగా నిలబడలేమని, అప్పు పడ్డవాళ్ళుగానే నిలబడాలని నా వాదన. దాని ఏరునూ, ఎండనూ, రుతువులనూ మనమే తీసుకున్నాం. మనం కాకపోతే మన కోసం మరొకరు తీసుకున్నారు. కాబట్టి తొట్టి ఎంత పెద్దదై ఉండాలి, దాని మీద ఎలాంటి దీపం వెలగాలి అన్నవి హాల్లో మిగిలిన జాగాను బట్టో, పిల్లల ముచ్చటను బట్టో తేల్చుకునే విషయాలు కావు.

తాబేలు మనకు దేవుడి రూపం గదా, దానికి మన ఇంట్లో లోటు ఎందుకు జరుగుతుంది అని కొందరు అంటారు. గౌరవం ఉన్నచోట హింస ఉండదన్న ధీమా అది. చరిత్ర ఆ ధీమాను బలపరచదు. శతపథ బ్రాహ్మణం తాబేలును మూడు లోకాల రూపంగా చెబుతుంది: కింది చిప్ప భూమి, పై చిప్ప ఆకాశం, నడిమి భాగం అంతరిక్షం. ప్రజాపతి కూర్మరూపం ధరించి సృష్టి చేశాడని కూడా ఆ గ్రంథమే అంటుంది. అదే గ్రంథం, ఇటుకలతో అగ్నివేదిక కట్టే అగ్నిచయన క్రతువులో, బతికి ఉన్న తాబేలుకు పెరుగు, తేనె, నెయ్యి పూసి, వేదిక మొదటి వరుసలో పెట్టి, పైన ఇటుకలు పేర్చమని విధిస్తుంది. అంత గొప్ప భావన చేసిన చేతులే దాన్ని ఇటుకల మధ్య మూసేశాయి. వాళ్ళను ఈనాడు తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. పూజించడమూ బంధించడమూ ఒకే మనసులో, ఏ ఘర్షణా లేకుండా, చాలా కాలం పక్కపక్కనే ఉండగలవని చూపడానికి ఎత్తాను. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుడు మూలవిరాట్టుగా కొలువై ఉన్నాడు. ఆ ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు కూడా పెరుగుతాయి. భక్తుడు గర్భగుడిలో మొక్కే మొక్కు, బయట మెసలే ప్రాణికి కావలసిన ఆకునూ నీడనూ తనంతట తాను సమకూర్చదు. ఆ పని ఎవరో ఒకరు తెలిసి చేయాలి.

ఇక ఇంట్లో తాబేలు ఉంటే డబ్బు నిలుస్తుందనే నమ్మకం. ఈ మధ్య వాస్తు పేరుతో ఇది బాగా పాకింది. పక్కనే ఉన్న తమిళంలో నానుడి దీనికి నేరుగా ఎదురు: తాబేలు చొచ్చిన ఇల్లూ, కోర్టు అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవట. ఒకరికి లక్ష్మి, మరొకరికి దరిద్రం. రెండింటిలో ఏది నిజమని విచారించడం దండగ, ఎందుకంటే రెండూ అడిగేది ఒకటే: ఇది వస్తే నాకేమవుతుంది? నా ఇంటికి వస్తే దీనికేమవుతుందన్న ప్రశ్న ఆ రెండింటిలోనూ లేదు.

గృహస్థ ధర్మం ఆ రెండో ప్రశ్నను ఎప్పుడో అడిగింది. ప్రతి ఇంట్లో తెలియకుండానే ప్రాణిహింస జరిగే చోట్లు ఐదున్నాయని మనుస్మృతి లెక్కపెట్టింది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళ కుండ. నిప్పులో పడేవి, రాతి కింద నలిగేవి, చీపురుకు చచ్చేవి, రోట్లో దంచుకుపోయేవి, నీళ్ళలో మునిగేవి. వీటికి నిష్కృతిగానే గృహస్థుకు రోజూ ఐదు యజ్ఞాలు చెప్పారు. అందులో ప్రాణులకు ఇంత అన్నం పెట్టే భూతయజ్ఞం ఒకటి. కాకికి పెట్టే ముద్దను మనం ఔదార్యం అనుకుంటాం. మనువు లెక్కలో అది ఇల్లు నడుపుకున్నందుకు చెల్లించవలసిన బాకీ. ఈ కాలపు ఇంట్లో సన్నికల్లూ రోలూ కనుమరుగై ఉండవచ్చు; వాటి జాగాలో గాజు తొట్టి చేరితే అదీ ఆ పట్టికలోకే వస్తుంది. పైగా పొయ్యి దగ్గర జరిగే హింస తెలియక జరిగేది. తొట్టిని మనం తెలిసే కొంటాం.

జైనులు ఇంకా సూటిగా మాట్లాడారు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం గృహస్థు అహింసా వ్రతానికి ఐదు దోషాలు చెబుతుంది: బంధించడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, అన్నపానాలు ఆపడం. బంధం మొదట వచ్చింది, ఆకలితో మాడ్చడం విడిగా చివర వచ్చింది. అంటే కడుపునిండా తిండి పెట్టినంత మాత్రాన బంధించిన దోషం పోదు. పశువును కట్టక తప్పని రైతు ఉంటాడని జైన ఆచార్యులకూ తెలుసు. అందుకే కారణంతో కట్టడానికీ ఊరికే కట్టడానికీ తేడా చూశారు, కట్టినా నిప్పు అంటుకుంటే విడిపించుకోగలిగేలా వదులుగా కట్టమన్నారు. తాబేలు పాలివ్వదు, దున్నదు, కాపలా కాయదు. దాన్ని కట్టి ఉంచడానికి మనం చూపగల కారణం, చూడముచ్చటగా ఉంటుందన్నదొక్కటే. కారణం ఇంత పలుచనైనప్పుడు తాడు అంత వదులుగానైనా ఉండాలి. ఇంట్లో తాబేలుకు కట్టే భద్రమైన నెలవు విలువ అంతా ఆ వదులులో ఉంది.

ఆ వదులును కొలవవచ్చు. మన ఊళ్ళ అక్వేరియం దుకాణాల్లో ఎక్కువగా దొరికేది కంటి వెనక ఎర్రచార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలో మిసిసిపి నదీ పరీవాహకం దాని సొంత ఊరు. కొనేటప్పుడు అది అరచేతిలో ఇమిడిపోతుంది. ఆడది పెరిగితే చిప్పే 25 నుంచి 30 సెంటీమీటర్లు. చిప్ప పొడవు ఒక్కో అంగుళానికి పది గ్యాలన్ల నీళ్ళు ఉండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. ఆ ప్రకారం పది అంగుళాల తాబేలుకు సుమారు 380 లీటర్లు, అంటే నీళ్ళే 380 కిలోలు. తొట్టి పెట్టే స్టాండు ఆ బరువును మోయాలి. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు నాటిన గిన్నెలో పెట్టి అమ్మేవాడు ఈ లెక్క చెప్పడు. నీళ్ళు మరీ లోతు తక్కువైనా ప్రమాదమే, వెల్లకిలా పడ్డప్పుడు తిప్పుకునే చోటు లేక మునిగి చావగలదు. పూర్తిగా ఒడ్డెక్కి ఆరడానికి గట్టు, ఆ గట్టుకు జారని ఏటవాలు దారి, గట్టు మీద 32 డిగ్రీలకు పైగా వెచ్చదనం, నీళ్ళలో 25 డిగ్రీల దరిదాపు చల్లదనం కావాలి. తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేని జీవి అది. వెచ్చటి చోటుకూ చల్లటి చోటుకూ తిరుగుతూనే జీర్ణం చేసుకుంటుంది, జబ్బులను తట్టుకుంటుంది. తొట్టి అంతా ఒకే వేడిలో ఉంటే ఆ ప్రాణికి తన శరీరాన్ని నడుపుకునే వీలే పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మనం దాని నుంచి తీసుకున్నది ఎండ. తాబేలు చిప్ప మోసుకు తిరిగే పెట్టె అనుకుంటాం గాని, అది దాని వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయిన ఎముకే. ఆ ఎముక గట్టిపడాలంటే కాల్షియం ఒంటబట్టాలి; అందుకు డి3 విటమిన్ కావాలి; అది చర్మంలో తయారవడానికి ఎండలోని యూవీబీ కిరణాలు తగలాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. కిటికీ పక్కన పెట్టాం, ఎండ బాగానే పడుతోందని తృప్తిపడే ఇళ్ళలో తాబేలు వెలుతురు చూస్తుంది, యూవీబీ మాత్రం దానికి అందదు. అందుకే గట్టు మీద, మధ్యలో అద్దం అడ్డు లేకుండా, యూవీబీ దీపం ఉండాలి. దాని వెలుగు కంటికి తగ్గకముందే దాని కిరణాల బలం తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి. రాత్రి చీకటి కూడా ఇవ్వాలి. దీపం జారి నీళ్ళలో పడకుండా బిగించాలి, మింగేంత చిన్న గులకరాళ్ళు వేయకూడదు, మలినం పేరుకోకుండా గట్టి ఫిల్టరు ఉండాలి. ఇవన్నీ విలాసాలుగా కనిపిస్తే, ఏటిలో ఇవన్నీ ఉచితంగా ఉండేవని గుర్తుచేసుకోవాలి. భద్రత రెండు వైపులా ఉండాలి కూడా. తాబేళ్ళు పైకి ఆరోగ్యంగా ఉంటూనే సాల్మొనెల్లాను మోస్తాయి; చిప్ప నాలుగు అంగుళాలకన్నా చిన్నగా ఉన్న తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్మడాన్ని అమెరికా 1975లో నిషేధించింది ఇందుకే. చిన్నపిల్లలున్న ఇంట్లో, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించలేనివాళ్ళు దాన్ని తేకూడదు.

ఈ రుణంలో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. రుణదాతకు గొంతు లేదు. ఆకలైతే కుక్క మొరుగుతుంది, ఆవు అంబా అంటుంది. ఎముక మెత్తబడుతున్నా, కళ్ళు వాచుతున్నా తాబేలు అరవదు. మన కంటికి ఆనేసరికి నెలలు గడిచిపోతాయి. అది తల లోపలికి లాక్కుని కదలకుండా ఉంటే ఎంత శాంతంగా ఉందో అని మురిసేవాళ్ళున్నారు. భగవద్గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడికి తాబేలును పోల్చడం ఆ ముచ్చటకు ఊతమిస్తుంది. ఆ పోలికకు బలం ఎక్కడిదంటే, తాబేలు తన అవయవాలను తన ఇష్టం మీద ముడుచుకోగలదు, మళ్ళీ చాచగలదు. దాక్కునే చోటు లేక, నాలుగు వైపులా మనుషుల నీడలు కదులుతుంటే ముడుచుకున్న తాబేలులో ఉన్నది భయం. భయానికీ శాంతికీ తేడా తెలియాలంటే ఆ జీవి గురించి చదువుకోవాలి, థర్మామీటరు చూడాలి. జైనుల దశవైకాలిక సూత్రం దయ కన్నా ముందు జ్ఞానాన్ని నిలబెట్టింది. తెలియని దయ ఎటు పోతుందో తొట్టిలో తాబేలుకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు తోచదు.

మన పెద్దలు ఈ దీపాలూ లెక్కలూ లేకుండానే బావుల్లో తాబేళ్ళను వదిలారు, అవి ఏళ్ళ తరబడి బతికాయి గదా అని ఒక ఆక్షేపణ వస్తుంది. బావి పైన కప్పు లేదు, అందులోకి వాన పడేది, పురుగూ నాచూ దొరికేవి. మూసిన గదిలోని గిన్నెతో దానికి పోలిక లేదు. పైగా ఏళ్ళ తరబడి బతకడం సుఖంగా బతికినదానికి రుజువు కాదు. చాలా నెమ్మదిగా చావగలగడం కూడా తాబేలు స్వభావంలో ఉంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా అని బావిలోకి తొంగిచూసిన వాళ్ళు ఎందరో. తాబేలు ఒడ్డెక్కి ఆరడానికి రాతి మెట్టు ఉందా అని చూసినవాళ్ళు తక్కువ.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి. బంధమే దోషమైతే తొట్టిని మెరుగుపరచడం ఎందుకు, తీసుకెళ్ళి చెరువులోనో గుడి కోనేటిలోనో వదిలేస్తే అప్పు తీరిపోదా? స్లైడర్ విషయంలో అలా చేయడం ఒకరి అప్పును మరొకరి నెత్తిన రుద్దడమే. పరాయి దేశాల నీళ్ళలో చేరి స్థానిక జీవులను దెబ్బతీసే నూరు ప్రాణుల పట్టికలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) నిపుణులు దీన్ని చేర్చారు; యూరప్ 1997లోనే దీని దిగుమతి ఆపింది. మన చెరువుల్లోని తాబేళ్ళతో తిండికీ, ఎండ కాచుకునే చోటుకూ అది పోటీపడుతుంది, రోగాలు అంటించగలదు. కోనేటిలో వదిలి పుణ్యం కట్టుకున్నామనుకునేవారు, ఆ నీటిలో తరతరాలుగా ఉన్న ప్రాణుల చోటును దానం చేస్తున్నారు. తమది కానిదాన్ని దానం చేయడం ఏ ధర్మమూ ఒప్పదు. సాకలేనివారు అటవీశాఖనో, పెంచగల మరో ఇంటినో అడగాలి. ఇక మన సొంత నక్షత్ర తాబేలు సంగతి మరీ స్పష్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి కూడా దానికి అత్యున్నత రక్షణ దక్కింది. దానికి ఎంత మంచి తొట్టి కట్టినా అది దొంగసొత్తుకు కట్టిన బీరువాయే.

అయితే ఇంత చేసినా రుణం పూర్తిగా తీరుతుందా? తీరదు. ఏరు 380 లీటర్లలో పట్టదు. కొత్తగా కొనవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. ఇప్పటికే ఇంట్లో ఉన్నదానికి తొట్టి బాగా కట్టమని చెప్పడానికీ కారణం ఇదే. తీరని అప్పు ఉన్నవాడు కొత్త అప్పు చేయకూడదు, పాతదానికి వాయిదాలు ఎగ్గొట్టకూడదు. ఈ వాయిదాలు చాలా ఏళ్ళు నడుస్తాయి. సరిగా చూసుకుంటే స్లైడర్ ముప్పై ఏళ్ళు దాటి బతకగలదు. నలభై ఏళ్ళ వయసులో కొన్న మనిషికి డెబ్బై వస్తాయి. తండ్రి అప్పు కొడుకులూ మనుమలూ తీర్చాలన్న స్మృతికారులు తాగుడుకూ జూదానికీ చేసిన అప్పును మాత్రం మినహాయించారు. సరదాకు కొన్న తాబేలు కూడా ఆ మినహాయింపు కిందికి వస్తుందని వాదించే వారసుడు ఉండవచ్చు. జూదగాడికి అప్పిచ్చినవాడు తెలిసే ఇచ్చాడు, అందుకే వాడు నష్టపోయినా అన్యాయం అనిపించదు. తాబేలు తన ఏటిని ఎవరికీ అప్పివ్వలేదు. కాబట్టి దానికి ఆ మినహాయింపు వర్తించదు. తొట్టి కొలతలూ దీపం మార్చవలసిన గడువూ రాసుకునే కాగితంలోనే, తమ తరువాత దాన్ని చూసుకునేవారి పేరు కూడా, వాళ్ళ ఒప్పుకోలుతో, ఇంటివాళ్ళు రాసుకోవాలి.