మేఘం ముందే ఉంది

"రోజూ దీపం పెడుతున్నా ఏమీ అనిపించట్లేదు, దేవుడు ఉన్నాడా?" అని చాలామంది అడుగుతున్నారు. లాగ్‌లో లేకపోతే జరగనట్టే అనుకునే వృత్తి నాది, కాబట్టి ఆ సందేహం నాకు బాగా తెలుసు.

దూరపు గెలాక్సీల నడిమధ్య క్వేసార్లు అనే మహా ప్రకాశమైన కేంద్రాలుంటాయి. పదింట ఒకదాని చుట్టూనే వెలిగే వాయుమేఘం ఉంటుందని పాత పరిశీలనల్లో తేలింది. 2016లో వెలువడిన అధ్యయనంలో, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కి అమర్చిన మ్యూజ్ పరికరంతో 19 క్వేసార్లను చూస్తే, 19 చుట్టూ మేఘాలున్నాయి! మేఘాలు అప్పుడు పుట్టలేదు, చూపు పదునెక్కింది.

ఇది దేవుడికి రుజువు కాదండి. కానీ ప్రహ్లాదుడికీ, హిరణ్యకశిపుడికీ ఎదురుగా ఉన్నది ఒకే స్తంభం. జపం మన చూపుకి పెట్టే సాన. ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి, దీపం ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. జై శ్రీమన్నారాయణ!