పింగళకుడి దాహం

దప్పికతో యమునకు దిగిన పింగళకుడనే సింహం నీళ్లు తాగకుండానే వెనుదిరిగింది. పంచతంత్రంలో మిత్రభేదం కథ అసలు కదిలేది ఇక్కడే. వర్తకుడు వదిలేసి పోయిన సంజీవకుడనే ఎద్దు ఎక్కడో రంకె వేసింది. ఆ ధ్వని పింగళకుడు ఎన్నడూ విని ఎరగడు. భయపడ్డాడు; ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని మర్రిచెట్టు కింద కొలువు తీర్చాడు.

పదవి లేక తిరుగుతున్న మంత్రికొడుకు, దమనకుడనే నక్క, రాజు భయాన్ని పసిగట్టి దగ్గర చేరాడు. ఏ రాజధానిలోనైనా కనబడే వ్యవహారమే. 1853లో ఈ కథను తెలుగులో చెప్పిన చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చినప్పటి నుంచి మనవాళ్లు ఆ చాడీకోరును తిడుతూనే ఉన్నారు. నాకు మాత్రం సింహం మీదే అనుమానం. (విష్ణుశర్మ ఈ కథలు చెప్పింది రాజకుమారులకు, సాధకులకు కాదు. అయినా ఈ కథను మన మనసుకు పట్టి చూస్తాను.)

దమనకుడు మొదట చెప్పింది నిజమే. గాలికి కొమ్మలు తగిలి మోగిన యుద్ధభేరికి బెదిరిన నక్క కథ చెప్పి, వెళ్లి చూసొచ్చి, అది ఎద్దేనన్నాడు. ఇద్దరికీ స్నేహమూ కలిపాడు. ఆ స్నేహంలో పడి సింహం వేట మరిచింది, పరివారం పస్తులుంది. ఇక విడగొట్టే పని మొదలైంది. వాడు నిన్ను చంపజూస్తున్నాడని ఇటూ చెప్పాడు, అటూ చెప్పాడు. ఎదుటివాడి ఒంట్లో ఏ గుర్తులు చూడాలో కూడా నేర్పి పంపాడు. ఇద్దరికీ ఆ గుర్తులు కనిపించాయి. ఎందుకు కనిపించవు? భయంతో బిగుసుకున్న ఒళ్లూ పోట్లాటకు దిగబోయే ఒళ్లూ చూపుకు ఒక్కలాగే ఉంటాయి.

భగవద్గీత పదహారో అధ్యాయం దైవీసంపదను అభయంతో మొదలుపెడుతుంది. చాడీలు చెప్పకపోవడం తర్వాతి శ్లోకంలో వస్తుంది. ఆ వరుస సబబే అనిపిస్తుంది. ఏటి ఒడ్డున భయాన్ని దాచుకోకపోతే దమనకుడికి పనేముంది? మనలో ఆ నక్క మనస్సే. ఒకసారి భయం తీర్చింది కదా అని, ఆ తర్వాత అది చెప్పే ప్రతి భయాన్నీ సాక్ష్యం అడక్కుండా నమ్ముతాం. రంకె విన్ననాడు పింగళకుడు తానుగా వెళ్లి చూడలేదు. చాడీ విన్ననాడు స్నేహితుణ్ణి నోరు విప్పి అడగనూ లేదు.

8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలోకి తెచ్చిన పంచతంత్రం, కలీలా వ దిమ్నాలో దమనకుడికి విచారణ జరుగుతుంది, శిక్ష పడుతుంది. సంస్కృతంలో అదేమీ లేదు. సంజీవకుణ్ణి చంపుకుని ఏడుస్తున్న రాజును దమనకుడే ఓదార్చి, మంత్రిగా కొనసాగుతాడు. మన లోపలి కొలువుకు ఈ ముగింపే నప్పుతుందంటాను. అక్కడ ఆ నక్కను చంపించే వీల్లేదు. రంకె ఎవరిదో కనుక్కొచ్చిందీ వాడే.