దాపరికమూ, నిర్దోషిత్వమూ

"దాచుకోవలసింది లేనివాడికి భయమెందుకు?" ఫోనులో ఎదురెదురుగా చూసుకుంటూ మాట్లాడుకునే మాటలకు కూడా రక్షణ కావాలంటే ఖమ్మంలో విద్యార్థులు సైతం నన్నడిగే ప్రశ్న ఇది. ప్రశ్న అమాయకంగానే కనిపిస్తుంది గాని, పొంచి వినేవాడు ఎల్లకాలం ధర్మాత్ముడుగానే ఉంటాడన్న నమ్మకం దాని అడుగున ఉంది. ఆ నమ్మకానికి ఆధారమేమిటి?

ముందు యంత్రం సంగతి. ఎన్‌క్రిప్షన్ అంటే మాటను పెట్టెలో పెట్టి తాళం వేసి పంపడం. తాళంచెవి మాట్లాడుకునే వారి దగ్గరే ఉంటుంది. దారిలో వేరొకడు విప్పలేడు. అయితే ఫోనులోనే వేగు చేరితే తాళం వృథా. 2019లో వాట్సాప్ వీడియో కాల్‌లోని లోపాన్ని పట్టుకుని పెగసస్ సుమారు 1,400 ఫోన్లకు గురిపెట్టింది. కాల్ ఎత్తవలసిన పని కూడా లేకపోయింది. గురి అయినవారిలో మన దేశపు పాత్రికేయులూ, హక్కుల కార్యకర్తలూ ఉన్నారు.

నిఘా అంటే భద్రాచలం అడవుల వ్యవహారమని పట్నవాసి అనుకుంటాడు. మావోయిస్టులను కనిపెట్టడానికని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి ఏర్పడినప్పుడు చాలామంది నోరు మెదపలేదు. చర్ల, దుమ్ముగూడెం వారి గొడవ మనకెందుకనుకున్నారు. ఆ శాఖ సాధనాలతోనే రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న అభియోగంపై 2024 మార్చిలో హైదరాబాదులో పోలీసు అధికారులు అరెస్టయ్యారు. నేరం తేల్చడం న్యాయస్థానం పని. కాని కోయగూడెం వైపు పెట్టిన చెవి రాజధాని వైపు తిరగడానికి అట్టే కాలం పట్టదన్నది మనం గ్రహించాలి.

నేరస్థుడూ ఈ తాళమే వాడడా అనవచ్చు. వాడతాడు. దొంగ ఇంటికీ తలుపుంటుంది. అంతమాత్రాన ఊళ్లో తలుపులన్నీ పీకించం. 1962లో ఖరక్ సింగ్ కేసులో రాత్రివేళ పోలీసులు ఇళ్లకు రావడాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, ఏకాంతం హక్కు కాదన్నది. కాదు, స్వేచ్ఛలో అది భాగమేనని భిన్నంగా తీర్పు రాసినవారు మన రాజమండ్రి కోకా సుబ్బారావు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే నిలబెట్టింది. గమనించండి: ఆ వాదం పుట్టింది ఏ పెద్దమనిషి మేడ గురించో కాదు, దోపిడీ కేసులో అనుమానించి సాక్ష్యం లేక విడిచిపెట్టిన మనిషి గడప గురించి. హక్కుకు పరీక్ష అనుమానితుడి దగ్గరే.

నేటికీ ఎవరి ఫోను వినాలో నిర్ణయించేది హోం కార్యదర్శి; సమీక్షించేదీ అధికారులే. న్యాయమూర్తి అనుమతి అక్కర్లేదు. పౌరుడి మాట తెరిచి ఉండాలట, ప్రభుత్వపు ఫైలు మూసి ఉండాలట! తాళం ఎంత గట్టిదైనా ఈ తలకిందుల న్యాయాన్ని సరిచెయ్యదు. ఆ పని యంత్రానిది కాదు, మనది.