బరువెవ్వరిది

వైశాఖమాసమున నూజివీడు ప్రాంతపు మామిడితోటలు తెల్లవారకమున్నే మేలుకొనును. పొడుగు గెడలకు చిక్కములు కట్టి కొందరు కాయ కోయుచుండ, సొన కారి ఆరిన చిన్నరసములను, బంగినపల్లికాయలను కొందరు ట్రేలకెత్తుచుండ, ఆ ట్రేలను నేలనుండి ట్రాక్టరునకును, ట్రాక్టరునుండి లారీకిని మార్చు జట్టువారు ప్రొద్దు క్రుంకువరకు వంగి లేచుచునే యుందురు. నిండిన ట్రే 20 కిలోలకు తగ్గదు. ఒక్కటే యైనచో అది పెద్ద బరువు కాదు. దానిని దినమునకు వందలమారులు నేలనుండి తీసి, నడుము త్రిప్పి, తలకంటె ఎత్తుననున్న చేతుల కందించుటలోనే కీడున్నది. ముందుకు వంగి చాచిన చేతులతో ఎత్తిన బరువు పొడుగు కాడ కొసన వ్రేలాడు బరువువంటిది. దానికి ప్రతిగా లాగవలసిన వీపుకండరములో, వెన్నుకు రెండంగుళముల చేరువనే యున్నవి. అందువలన నడుము పూసలనడుమనున్న మెత్తని బిళ్ళలమీద పడు ఒత్తిడి చేతిలోని బరువునకు ఎన్నో రెట్లగును. బిళ్ళ ప్రక్కకు పొంగి నరమును నొక్కినప్పుడు పిరుదునుండి పిక్కదాక ప్రాకు మంటను ఆయుర్వేదము గృధ్రసి యన్నది. జట్టువారు "నడుము కలుక్కుమంది" అని, తుండుగుడ్డ బిగించికట్టి, మరల వంగుదురు.

అట్లు బిగించుకొనుచున్న ఒక పెద్దవానిని పలుకరించితిని. "నెత్తి మీదున్నంతసేపూ ఏం కాదు బాబూ, ఎత్తేటప్పుడూ దించేటప్పుడే ప్రాణం పోద్ది. మా రాత అట్టా ఉంది, ఏం చేస్తాం?" అనెను.

ఆ "రాత" యను మాట నన్ను చాలదినములు వెంటాడినది. తన బాధకు తన పూర్వకర్మమే కారణమని ఒకడు తలంచుకొని ఓర్చుకొనిన, ఆ ఓర్పునకు నేను నమస్కరింతును. ఆ మాటనే లారీప్రక్క నీడలో కూర్చుండి లెక్కవ్రాయువాడనినచో అది వేదాంతము కాదు, బాకీ ఎగవేత. మాట యొక్కటే యైనను, అనువాడు మారినంతనే దాని ధర్మము మారిపోవుచున్నది.

భాగవత పంచమస్కంధములోని జడభరతుని కథ మన పల్లెలలో హరికథలు విన్న ప్రతివానికిని తెలిసినదే. కపిలమహర్షికడ తత్త్వము తెలిసికొన బయలుదేరిన రహూగణుడను రాజు పల్లకికి ఒక బోయీ తక్కువ కాగా, ఇక్షుమతీతీరమున కనబడిన జడభరతుని వెట్టికి పట్టి కొమ్ముక్రింద నిలిపిరి. ఆ మహానుభావుడు చీమలు త్రొక్కబడునేమోయని అడుగడుగు చూచి నడచుటచే పల్లకి ఒడుదుడుకులాయెను, రాజు ఎత్తిపొడిచెను, భరతుడు, బరువును బడలికయు దేహమునకే గాని ఆత్మకు లేవని బదులు పలికెను. అంతట రాజు పల్లకి దిగి పాదములపై బడెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. అటుపిమ్మట రాజు వేసిన ప్రశ్ననే మనము తొందరగా దాటిపోవుచున్నాము: నిప్పువేడి కుండకును, కుండవేడి పాలకును, పాలవేడి లోని బియ్యమునకును తగులుచుండగా, దేహపు బడలిక లోపలివానికి తగులదని ఎట్లనవచ్చును? దీనికి భరతుడు చెప్పిన సమాధానము చాల లోతైనది. దానిని కాదనుటకు నాకు అర్హత లేదు. అయినను, బరువు ఆత్మకు అంటదన్న ఆ ఉపదేశము మోయువాడు కూర్చున్నవానికి చేసినది, కూర్చున్నవాడు మోయువానికి చేసినది కాదు. దాని మొదటి ఫలముగా ఒక మనుష్యుడు పల్లకినుండి నేలకు దిగెను. దండనకు జడిసి తప్పు తమది కాదని మొరపెట్టుకొన్న తక్కిన బోయీల భుజములు ఆనాడు కొంత తేలికపడియుండును గదా!

బౌద్ధుల సంయుత్తనికాయములో భారసుత్తమని యొకటి కలదు. అందు స్కంధపంచకము, అనగా దేహమనస్సుల కూడిక, బరువనియు, తృష్ణ దానిని ఎత్తుకొనుటయనియు, తృష్ణాక్షయము దించుటయనియు చెప్పబడినది. సంసారమునకు ఉపమానము వెదకిన బుద్ధుని దృష్టియు, ఆ తోటలోని పెద్దవాని నడుమువలెనే, ఎత్తుటయందును దించుటయందునే నిలిచినది.

మోయించు బరువునకు మేర పెట్టిన చట్టములు లేకపోలేదు. గాయము కలిగించునంతటి బరువును ఎవరిచేతను మోయింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ విభాగము శాసించినది. 1967లో అంతర్జాతీయ కార్మికసంస్థ పురుషునికి 55 కిలోలను మేరగా సూచించినది. కాని మామిడితోట ఫ్యాక్టరీ కాదు. 20 కిలోల ట్రేకు ఆ మేర అడ్డురాదు.

మన పొరుగున తమిళదేశపు పాతబాటల ప్రక్కన సుమైతాంగి యను రాతికట్టడములు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. రెండు నిలువురాళ్ళు, వానిపై అడ్డముగా ఒక రాయి. తలమూటవాడు వంగకయే, పరుల సాయము కోరకయే బరువును దానిమీదికి జార్చి, అలుపు తీరినపిదప మరల తలకెత్తుకొనును. కడుపుతో నుండి మరణించిన స్త్రీల జ్ఞాపకార్థము వానిని నిలుపుట అచటి ఆచారము. వారు తమ కడుపులోని బరువు దించుకొనరైతిరని కన్నీరు పెట్టుకొన్నవారు, దారినిపోవు అపరిచితుని బరువు దించుట పుణ్యమని యెంచిరి. పుణ్యమను మాటకు ఇంతకంటె తేటయైన అర్థము నాకు ఎందును దొరకలేదు.

మొన్న ఒక తోటలో, పాకప్రక్కన, నడుమెత్తున ఇటుకలు పేర్చి పైన నాపరాయి పరచియుండుట చూచితిని. ఒక కుఱ్ఱవాడు కాయలను ఆ రాతిమీదనే ట్రేలో సర్ది, పొట్టకానించుకొని, నిలువుననే ట్రాక్టరుదాక నడచెను. తిరిగివచ్చి, చెమట తుడుచుకొనుచు, చల్లని ఆ రాతిపై రెండరచేతులను ఆనించి కొంచెముసేపు నిలుచుండెను.