లోపలి గడియ

నర్మెట్టనుండి జనగామ చేరి, సికింద్రాబాదు రైలెక్కిన యొక నిరాశ్రయస్త్రీని మనసున నిలుపుకొనుడు: కొంగుముడిలో కొద్దిపాటి చిల్లర, చంకలో బిడ్డ, నగరములో నెరిగినవా రొక్కరును లేరు. ఆమెకు మొట్టమొదట కావలసినది హితబోధ కాదు. లోపలినుండి గడియ వేసికొనదగిన గది, వేడి అన్నము, ఆ రాత్రియే గుచ్చిగుచ్చి యడుగని మనిషి.

ఈ సంగతిని సంఘసేవిక దుర్గాబాయి దేశ్‌ముఖ్ చక్కగా గ్రహించిరని నా నమ్మకము. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేటనే వివాహబంధమున జిక్కి, యుక్తవయస్సున దానిని విడనాడిన ఆమె, 1937లో మద్రాసునందు ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువునకు దూరమైన స్త్రీలను చేరదీసి, పరీక్షలకు సిద్ధపరచుచు, చేతిపనులు నేర్పించిరి. ఆ సభ పిదప హైదరాబాదునకును విస్తరించినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైరి. ఆ మండలి 1958లో ఆరంభించిన సంక్షిప్త విద్యాక్రమమువలన, బడి మానిన వయోజనస్త్రీలు పలువురు రెండేండ్లలోనే పరీక్షకు గూర్చుండగలిగిరి.

నిరాశ్రయస్త్రీలకు నీడనిచ్చు సంస్థను నడపుట యెంత కష్టమో! భవనమునకు చందా యిచ్చి గోడపై పేరు చెక్కించుకొను దాతలు దొరకుదురు గాని, నెలనెలా బియ్యమునకును, రాత్రి మేల్కొని యుండు ఆయమ్మ జీతమునకును ఇచ్చువారు అరుదు. నా దృష్టిలో ఆ జీతమే సంస్థకు ప్రాణము.

ఈ మాట వినుచున్న సోదరి కెవరికైన నాపద యున్నచో, మహిళల సహాయవాణి యైన 181కి ఫోను చేయుడు. ఏ వేళనైనను, రుసుము లేకయే పలుకుదురు.