ధనుర్మాస ప్రసాదము – రుచియందు దోషమున్నదా?

ధనుర్మాసము శ్రీవైష్ణవులకు నెలనాళ్ళ పండుగ. డిసెంబరు మధ్యభాగమున సూర్యుడు ధనూరాశిని ప్రవేశించినది మొదలు సంక్రాంతి వరకు, తెల్లవారకముందే ఆలయములలో తిరుప్పావై వినిపించును. తిరుమలలో సైతము ఈ దినములందు సుప్రభాతమునకు బదులు తిరుప్పావైతోనే శ్రీవారికి మేలుకొలుపు జరుగును. సేవాకాలము ముగిసినంతనే వేడి ప్రసాదము దొన్నెలలో చేతికందును. మిరియము, జీలకర్ర, నేయి కలిసిన కట్టెపొంగలి. బెల్లము, యాలకులు, పచ్చకర్పూరము గుబాళించు చక్కెరపొంగలి. పులిహోర, దధ్యోదనము – ఒకదానిని మించి ఒకటి. మాసము ముగియువేళకు ఇంటింట అరిసెల పాకము పట్టుదురు; తెలంగాణమున సకినాలు చుట్టుదురు.

ఇన్ని రుచుల నడుమ ఆస్తికుల హృదయములలో ఒక శంక మెదలుచుండును. వ్రతమాసమున ఇంత తీపి తినుట భక్తియా, జిహ్వాచాపల్యమా? కొందరు కడుపార తిని, తరువాత తమ్ము తాము నిందించుకొందురు. మరికొందరు “ప్రసాదమునకు దోషమేమి?” యని మితము మరచి భుజింతురు. మొదటివారు తమ దుఃఖమే వైరాగ్యమనుకొందురు. రెండవవారు తమ ఆకలియే భక్తియనుకొందురు. ఈ రెండింటిలో ఏది సరియైనదో, లేక రెండును సరికావో విచారింపవలసియున్నది.

ఈ ప్రశ్నకు సమాధానము వెదుకుటకు దూరము పోనక్కరలేదు; తిరుప్పావైలోనే యున్నది. రెండవ పాశురమున గోపికలు తమ వ్రతనియమములను చెప్పుకొందురు. నేయి తినము, పాలు త్రాగము, కాటుక పెట్టుకొనము, పూలు ముడువము అనుట అందలి ముఖ్యాంశము. గోకులమున పాడికి కొదువ యేమి? కరవైనదానిని వదలుటలో గొప్పతనము లేదు. ప్రతిదినము చేతికందునది, తమకు మిక్కిలి ప్రియమైనది వారు విడిచిరి. ఇక ఇరువదియేడవ పాశురమునకు వచ్చుసరికి అదే గోపికలు ఆభరణములు ధరించి, క్రొత్తచీరలు కట్టి, నేయి మోచేతివరకు జారునట్లు పాలతో వండిన అన్నమును అందరు కలిసి కూర్చుండి ఆరగింపగోరుదురు. ఆ నాటినే మనము కూడారై యని పిలిచి, అక్కారవడిశిల్ నివేదించుచున్నాము. సాధారణముగా అది జనవరి 11 ప్రాంతమున వచ్చును.

వదలినది ఏ నేయియో, కోరినదియు ఆ నేయియే. ఇరువదియైదు పాశురముల నడుమ నేయి మారలేదు. అది యెవరికొరకు అన్నది తేలినది. కృష్ణుడు లేని భోగము వారికి వలదు. కృష్ణునితో కూడిన భోగమును వారు త్రోసిపుచ్చలేదు. విడుచుట ఎంత భక్తియో, ఆయన యిచ్చినదానిని సంతోషముతో గ్రహించుటయు అంత భక్తియే. నేయి మోచేతికి జారుటకు పెద్దలు ఒక రసవత్తరమైన కారణము చెప్పుదురు. ముద్ద చేతిలో నుండగనే చూపు స్వామిపై నిలిచినదట. తినుట మరచినందున నేయి జారినదట. అనుభవించుచున్నను రుచికి బానిసలు కానివారి లక్షణమిది.

మరియొక విషయము గమనింపదగినది. ఆండాళ్ నాచ్చియార్ తిరుమొళిలో తిరుమాలిరుంజోలై స్వామికి నూరు పాత్రల వెన్న, నూరు పాత్రల అక్కారవడిశిల్ సమర్పింతునని మ్రొక్కుకొన్నది. ఆ మ్రొక్కును చాలకాలము తరువాత భగవద్రామానుజులు చెల్లించిరనియు, అందులకే శ్రీవిల్లిపుత్తూరున గోదాదేవి వారిని అన్నా యని ఆదరించినదనియు సంప్రదాయము. రామానుజులు సన్న్యాసులు, జిహ్వను జయించినవారు. అయినను ఆ తీపి మ్రొక్కును వారు చిన్నచూపు చూడలేదు. తీపియే పాపమైనచో అట్టి ఆచార్యుడు దానిని నూరేసి పాత్రలలో నింపునా?

నమ్మాళ్వారులు తినెడి అన్నమును, త్రాగెడి నీటిని, నమలెడి తాంబూలమును కూడ కన్నయ్యగనే దర్శించిరి. ఈ మూటినే వ్యాఖ్యాతలు ధారకము, పోషకము, భోగ్యము అని విభజించిరి. అన్నము ప్రాణమును నిలుపునది, నీరు పోషించునది, తాంబూలము కేవలము సుఖమునకైనది. ఆ మూడవదానిని ఆళ్వారులు జాబితానుండి తొలగింపలేదన్న సంగతి మనము మరువరాదు. గీతాచార్యుడును పదునేడవ అధ్యాయమున సాత్త్వికాహారమునకు లక్షణములు చెప్పుచు రస్యము, స్నిగ్ధము, హృద్యము అను గుణములను పేర్కొన్నాడు. రసము, జిడ్డు, మనస్సుకు ఇంపు – ఇవి సత్త్వమునకు విరోధులు కావు. చప్పిడి తిన్నంతమాత్రమున ఎవడును సాత్త్వికుడు కాడు.

అట్లయిన దోషమెచ్చటనున్నది? మితము తప్పుటయందున్నది. అదే గీత ఆరవ అధ్యాయమున, అతిగా తినువానికిని యోగము లేదు, బొత్తిగా తిననివానికిని లేదు అని స్పష్టముగా చెప్పుచున్నది. వాగ్భటాచార్యుడు ఉదరమున రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు, ఒక పాలు వాయువునకు విడువుమని కొలత నిచ్చెను. నైవేద్యమైనంత మాత్రమున పొంగలిలోని బెల్లము బెల్లముగా నుండుట మానదు. నేయి నేయిగా నుండుట మానదు. మధుమేహముతో బాధపడు గృహస్థు “స్వామి ప్రసాదము నన్నేమి చేయును?” అని రెండు దొన్నెలు ఖాళీ చేసినచో, అది విశ్వాసము కాదు. తన జిహ్వ చేసిన పనిని స్వామిపై మోపుట అది. శరీరము కూడ ఆయన యిచ్చినదే కదా! ఒక ప్రసాదమును గౌరవించుటకై ఇంకొక ప్రసాదమును పాడుచేయుట ఏమి న్యాయము?

అట్లని ఆ గృహస్థు ప్రసాదము వలదని ముఖము త్రిప్పుకొనవలసిన పనియు లేదు. అరచేతిలో చిటికెడు గ్రహించి, కన్నుల కద్దుకొని, నోటనుంచుకొన్న చాలును. అనుగ్రహమునకు తూకము లేదు. మెతుకునందు తక్కువగా, దొన్నెయందు ఎక్కువగా స్వామి యుండడు. మిగిలినది ప్రక్కవారి చేతిలో పెట్టినచో, తినుటకంటె పెట్టుటయందలి తీపి తెలియును.

ఇక తిన్న తరువాతి దుఃఖమును గూర్చి ఒక మాట. బ్రహ్మసూత్రములలో మొదటి సూత్రమునకు భాష్యము వ్రాయుచు రామానుజులు, వాక్యకారుని ననుసరించి ఉపాసకునకు ఏడు సాధనములను చెప్పిరి. వానిలో మొదటిది వివేకము. అనగా జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నముచే దేహమును శుద్ధిగా నుంచుకొనుట. పదార్థము స్వభావముచేత తగినదా, ఏ స్థానమునుండి వచ్చినది, వచ్చినపిదప చెడినదా అని చూచుకొనుట యన్నమాట. ఆ ఏడింటిలో చివరి రెండు అనవసాదము, అనుద్ధర్షము. అవసాదమనగా దుఃఖకరములను మాటిమాటికి తలచుటచే మనస్సు క్రుంగి, కాంతి కోల్పోవుట. ఉద్ధర్షమనగా హద్దుమీరిన సంతోషము. ఈ రెండును ఉపాసనకు అడ్డములే.

సాధనముల పట్టిక అన్నశుద్ధితో ఆరంభమై మనస్సమతతో ముగియుట ఎంత అర్థవంతముగ నున్నది! విస్తరిముందు ఒడలు మరచుట ఉద్ధర్షము. విస్తరి యెత్తినపిదప రోజంతయు క్రుంగుట అవసాదము. అతిగా తిన్నానని గ్రహించినవాడు మరుపూట తగ్గించుకొనవలెను, అది దిద్దుబాటు. దిద్దుకొనక, ఊరక వగచుచు, మరునాడు మరల అట్లే తినుట పశ్చాత్తాపము కాదు. ఆ వగపు కూడ ఒక విధమైన భోగమే.

మరి ఈ మాసమున భోజనమునకు కూర్చుండువారు పాటింపదగినదేమి? రెండవ పాశురమే మరల దారి చూపుచున్నది. గోపికలు నేతిని, పాలను వదలుటతో ఆగలేదు. చేయరాని పనులు చేయమనిరి, కొండెములు చెప్పమనిరి, దానమును, భిక్షను చేతనైనంత పెట్టుదుమనిరి. నాలుకకు రెండు పనులున్నవి – రుచి చూచుట, మాటలాడుట. మొదటి పనికి మాత్రమే వ్రతము పట్టి, రెండవదానిని విచ్చలవిడిగా వదలువారు సగము వ్రతమే చేయుచున్నారు. ఉల్లి లేని వంట తినుచు పొరుగువారిని నమలువారికి ఆహారశుద్ధి యెక్కడిది?

అట్లే, కలిసి కూర్చుండుట యన్నది కూడారై పాశురమునకు ప్రాణము. మన ఇండ్లలో వేకువనే లేచి పొంగలి వండిన ఇల్లాలు అందరికిని వడ్డించి, గిన్నె అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొనుట ఎన్ని చోట్ల లేదు? స్వామికి మొదటి వేడి, ఆమెకు చివరి చల్లన – ఇది గోదాదేవి కోరిన భోజనపంక్తి కాదు. ఇంటివారు ఒకరు లేచి ఆమెను కూర్చుండబెట్టి, ఆమె విస్తరిలో నేయి వేసిన నాడు ఆ పాశురము మన ఇంట నిజముగా అనుసంధింపబడినట్లు. ఆలయప్రాంగణమున సగము తిని విసరివేసిన దొన్నెను చూచినప్పుడును ఇదే తలంపు రావలెను. చాలునన్నంతయే గ్రహించినవాడు ప్రసాదమును గౌరవించినవాడు.

ప్రసాదమను మాటకు అనుగ్రహమని అర్థము, నిర్మలమైన మనస్సనియు అర్థము. గీత రెండవ అధ్యాయమున రాగద్వేషములు వీడిన ఇంద్రియములు గలవాడు పొందునది ఈ ప్రసాదమే. పొంగలిపై వ్యామోహము రాగము. తిన్నందులకు తనపై ఏవగింపు ద్వేషము. రెండును లేని చేతితో అందుకొన్న ముద్ద నోటను ప్రసాదము, మనస్సునను ప్రసాదము.

కావున ఈ మాసమున స్వామికి ముందు, ఆకలిగొన్నవారికి పిదప, తనవారితో కూడ, తన దేహము ఓర్చునంత – ఈ క్రమమున భుజించువారు నిస్సంకోచముగ రుచిని ఆస్వాదింపవచ్చును. అట్టి చల్లని పంక్తిభోజనము గోదాదేవి కృపచే ప్రతి గృహమునను జరుగుగాక!